మోటార్‌హోమ్ వెనుక లాగే కారు ముందు చక్రాలు కొట్టుకుంటున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మోటార్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే వీలున్న పెద్ద బండి) ఉన్న తెలుగువారి నుంచి, ముఖ్యంగా ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరే వేసవి నెలల్లో, నాకు పదే పదే వచ్చే సందేహం ఒకటుంది. వెనుక కట్టి లాగుతున్న కారు ముందు చక్రాలు ఉన్నట్టుండి కొట్టుకోవడం మొదలుపెడతాయి, లోపం ఎక్కడ వెతకాలో తెలియదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులనే ఇక్కడ దశలవారీగా కూర్చాను. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉండేలా రాసినందువల్ల అక్కడక్కడ ఒకే మాట రెండుసార్లు కనిపించవచ్చు. ఇక్కడ చెప్పినదంతా నాలుగు చక్రాలూ నేల మీదే ఉండగా టో బార్‌తో లాగే కార్లకు మాత్రమే వర్తిస్తుంది.

## ముందుగా అర్థం చేసుకోవలసినవి

“టోడ్” అని అందరూ అంటున్నారు. అంటే ఏమిటి?

పెద్ద మోటార్‌హోమ్‌ను క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపి, నీళ్ళూ కరెంటూ తగిలించుకున్న తర్వాత, పాలు తేవడానికి మళ్ళీ దాన్నే కదిలించడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకని ఒక చిన్న కారును వెంట లాక్కువెళ్తారు. కారు ముందు బంపర్ వెనుక బేస్‌ప్లేట్ అనే ఉక్కు చట్రాన్ని బిగించి, దానికీ మోటార్‌హోమ్ వెనుక ఉండే హిచ్‌కీ (లాగే బండిని తగిలించే చోటు) మధ్య రెండు చేతులున్న టో బార్‌ను తగిలిస్తారు. అలా లాగే కారుకు అక్కడి ఆర్వీ (మోటార్‌హోమ్ వంటి విహార వాహనాల) జనం పెట్టుకున్న ముద్దుపేరు టోడ్. ‘లాగబడినది’ అనే ఇంగ్లీషు మాటా, ‘కప్ప’ అనే ఇంగ్లీషు మాటా ఒకేలా వినిపించడమే అందులోని చమత్కారం.

లోపల ఎవరూ లేకుండా ఆ కారు స్టీరింగ్ ఎలా తిరుగుతుంది?

మన ఊళ్ళలో పాడైన కారును తాడు కట్టి లాగేటప్పుడు ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటారు. టో బార్ కట్టిన కారులో ఆ మనిషి ఉండడు. అతని పని క్యాస్టర్ చేస్తుంది. ముందు చక్రం ఎడమకూ కుడికీ ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో దాని పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది; ఆ వాలే క్యాస్టర్. అందువల్ల ఆ ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే అది తాకే చోటుకు కొంచెం వెనుకగా టైరు నేలను తాకుతుంది, కారు ముందుకు కదులుతున్నంతసేపూ చక్రం దానంతట అదే లాగుతున్న దిక్కుకు మళ్ళుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో సామాను బండిని తోసేటప్పుడు దాని ముందు చక్రాలు మీరు తిప్పకుండానే దారికి రావడం గమనించే ఉంటారు. అవే చక్రాలు కాస్త వదులైతే గచ్చు మీద టకటకా కొట్టుకోవడమూ చూసి ఉంటారు. కారు చక్రాలకు వచ్చేది కూడా ఆ జాతి జబ్బే. చక్రాన్ని దారిలో పెట్టే గుణమే, దాన్ని పట్టి ఉంచే బిగువు తగ్గినప్పుడు, అటూ ఇటూ అదిరేలా చేస్తుంది.

నేను నడిపితే కారు ఏ తేడా లేకుండా పోతోంది. మోటార్‌హోమ్‌కు కట్టగానే చక్రాలు కొట్టుకుంటున్నాయి. ఎందుకు?

మీరు నడిపేటప్పుడు మీ రెండు చేతులు స్టీరింగ్ మీద ఉంటాయి. తెలియకుండానే అవి చిన్న చిన్న అదుర్లను మింగేస్తాయి. పవర్ స్టీరింగ్ కూడా పనిచేస్తూ ఉంటుంది కనుక అదీ కొంత అదుపు చేస్తుంది. కారును కట్టి లాగేటప్పుడు ఈ రెండూ ఉండవు. పైగా మోటార్‌హోమ్ మలుపు తిరిగినప్పుడు టో బార్ కారు ముక్కును ముందు పక్కకు లాగుతుంది, చక్రాలు ఆ తర్వాత దారికి వస్తాయి. అలా వచ్చేటప్పుడు అవసరమైనదానికన్నా ఎక్కువ తిరిగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఎక్కువ తిరిగి ఊపందుకుంటాయి. కాబట్టి “నడిపితే బాగుంది” అన్నంత మాత్రాన కారులో లోపం లేదని తీర్మానించకూడదు. మీ చేతులు కప్పిపుచ్చిన వదులునే టో బార్ బయటపెడుతూ ఉండవచ్చు.

విడిగా నడిపినా స్టీరింగ్ కొట్టుకుంటోంది. అయినా టో బార్‌నే అనుమానించాలా?

అక్కర్లేదు. టో బార్‌ను, హిచ్‌ను పక్కన పెట్టి నేరుగా టైర్లు, స్టీరింగ్ లింకులు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు), సస్పెన్షన్ చూడండి. కారును బాగుచేయకుండా టో బార్ మార్చితే డబ్బే పోతుంది.

జీప్ వాళ్ళు చెప్పుకునే “డెత్ వాబుల్” ఇదేనా?

చాలావరకు అదే. జీప్ రాంగ్లర్ వంటి వాహనాల్లో ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్‌కు రెండు చివర్లా ఉంటాయి; ఒక చక్రం అదిరితే ఆ అదురు నేరుగా రెండోదానికి అందుతుంది, అక్కడి నుంచి తిరిగి వస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను (ఇంజిన్ బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో పెట్టి సులువుగా లాగవచ్చు కాబట్టి మోటార్‌హోమ్‌ల వెనుక రాంగ్లర్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ మాట వాటికే అంటుకుపోవడానికి అదీ ఒక కారణం. అయితే ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న మామూలు కార్లకు కూడా, లాగేటప్పుడు, ఈ వణుకు వస్తుంది.

## రోడ్డు మీద ఉన్నప్పుడు

వెనుక కారు వణుకుతోందని ముందు కూర్చున్న నాకు ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు తెలియదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. పది టన్నుల మోటార్‌హోమ్ సీట్లో కూర్చున్నవారికి వెనుక కారు అదురు వెన్నుకు తగలదు. నా అనుభవమే చెబుతాను. అరిజోనాలో ఐ-40 మీద విలియమ్స్ దాటి పడమరగా యాష్ ఫోర్క్ వైపు కొండ దిగుతున్నాం. ఒక వంతెన అతుకు దాటగానే వెనుక కెమెరా తెర మీద కారు హెడ్‌లైట్లు రెండూ మసకబారినట్టు అయ్యాయి. కటకం మీద దుమ్ము పడిందనుకున్నాను. “నాన్నా, మన కారు తల ఊపుతోంది” అని మా అమ్మాయి అన్నాక గానీ అది దుమ్ము కాదని తట్టలేదు. రోడ్డు పక్కన ఆపి దిగేసరికి రబ్బరు కాలిన వాసన వస్తోంది. కారు కింద పడుకుని చూస్తే ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బోల్టు రెండు వేళ్ళతో తిరిగింది. దాని వాషర్ చుట్టూ రంగు పోయి, మెరిసే లోహపు వలయం ఒకటి, దాని అంచున ఎర్రటి తుప్పు పొడి. అంతకు రెండు వారాల ముందు దాన్ని విప్పి, టార్క్ రెంచి వెతకడానికి బద్ధకించి, చేతి అంచనాతో బిగించినవాణ్ణి నేనే.

కాబట్టి కెమెరాను రివర్స్‌కే కాకుండా ప్రయాణమంతా వేసి ఉంచండి. హెడ్‌లైట్లు, నంబర్ ప్లేటు అంచులు స్పష్టంగా కనబడుతున్నాయా లేదా అన్నదే గుర్తు.

వణుకు మొదలైంది. ఆ క్షణంలో ఏం చేయాలి?

యాక్సిలరేటర్ మీద కాలు తీసి వేగాన్ని క్రమంగా తగ్గించి, హజార్డ్ లైట్లు వేసి, వెడల్పైన షోల్డర్ దొరకగానే ఆపండి. బ్రేకును ఒక్కసారిగా తొక్కకండి. కారులో అదనపు బ్రేకు పరికరం (మోటార్‌హోమ్‌తోపాటు లాగే కారు బ్రేకునూ వేసేది) ఉంటే అదీ అదే క్షణంలో పట్టుకుని, అదురుతున్న చక్రాల మీదే భారం పెంచుతుంది. “వేగం పెంచితే దాటిపోతుంది” అని కొందరు చెప్పే చిట్కాను పాటించవద్దు. బ్యాలెన్స్ తప్పిన టైరు విషయంలో అది నిజం కావచ్చు. వదులైన బోల్టు విషయంలో ఆ బోల్టే ఊడిపోవచ్చు.

ఆపగానే తగ్గిపోయింది. మళ్ళీ బయలుదేరవచ్చా?

చూడకుండా బయలుదేరవద్దు. టైర్లలో గాలి, వీల్ నట్లు, టో బార్ పిన్నులు, కారు కింద స్టీరింగ్ లింకుల బోల్టులు చేత్తో పట్టి కదిపి చూడండి. ఏదైనా కదిలితే అక్కడే బిగించండి, లేదా కారును విప్పి ఇంకొకరు విడిగా నడుపుకుంటూ రండి. విడిగా నడపడం కూడా భద్రం కాదనిపిస్తే టో ట్రక్కును పిలవడమే మేలు. ఏమీ కదలకపోతే, వేగం బాగా తగ్గించి దగ్గరలోని ఊరి వరకు మాత్రమే వెళ్ళండి.

ఏ వేగంలో వస్తుందో చూస్తే కారణం తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. ఒక వేగం దగ్గర మెల్లగా మొదలై, ఆ వేగం దాటాక తగ్గిపోయే సన్నని వణుకు సాధారణంగా టైరు బ్యాలెన్స్‌దో, రిమ్ముదో అయి ఉంటుంది. గుంత మీదో వంతెన అతుకు మీదో పడగానే ఒక్కసారిగా విరుచుకుపడి, దాదాపు ఆగేదాకా వదలని ఊపు స్టీరింగ్ లింకుల్లో, ట్రాక్ బార్‌లో, బాల్ జాయింట్లలో (చక్రం ఎడమకూ కుడికీ తిరిగే కీళ్ళు) వదులుకు గుర్తు. పెట్రోల్ బంకు నుంచి మలుపు తిరిగి బయటకు వస్తూ, పది పదిహేను మైళ్ళ వేగంలోనే చక్రాలు అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌ను, క్యాస్టర్ కోణాన్ని, టో బార్ ఎత్తును అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వచ్చే వణుకైతే బ్రేకు డిస్కులు చూడాలి. అందుకే గ్యారేజీకి వెళ్ళేముందు వేగం, రోడ్డు, మలుపు, బ్రేకు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి.

## ఇంటి దగ్గర చేసుకోగల పరీక్షలు

టైర్లలో ముందుగా ఏం చూడాలి?

గాలి. డ్రైవర్ తలుపు చట్రం మీద అంటించిన చీటీలో ఉన్న పీడనాన్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పెట్టాలి. టైరు పక్క గోడ మీద ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ తర్వాత ట్రెడ్ (టైరు నేలను తాకే భాగం) మీద అరచేతిని మెల్లగా రాయండి. అలలు అలలుగా ఎత్తుపల్లాలు తగిలితే ఆ టైరు ఇప్పటికే చాలా కాలంగా అదురుతోందని అర్థం. కారణాన్ని బాగుచేసినా అలా అరిగిన టైరు మళ్ళీ అదురును పుట్టిస్తుంది కనుక దాన్ని మార్చక తప్పదు.

రిమ్ము లోపలి వైపు కూడా చూడండి. యూటా రాష్ట్రంలోని మోయాబ్‌లో ఎర్రమట్టి దారుల మీద తిరిగి వచ్చిన జీపుల్లో ఆ మట్టి రిమ్ము లోపల గట్టిపడి, బ్యాలెన్స్‌ను పూర్తిగా చెడగొడుతుంది. వందల డాలర్లు ఖర్చు చేసే ముందు నీళ్ళ పైపుతో ఒకసారి కడిగి చూడటంలో పోయేదేమీ లేదు.

టైరు వయసు పక్క గోడ మీది డాట్ సంకేతంలో చివరి నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం.

టైర్లలో గాలి తగ్గితే కారు హెచ్చరిక దీపం వెలుగుతుంది కదా?

కారు ఇంజిన్ ఆపి లాగుతున్నప్పుడు ఆ దీపం వెలిగినా చూసేవారు ఉండరు. కారు నాలుగు టైర్లకూ విడిగా సెన్సర్లు పెట్టుకుని, తెరను మోటార్‌హోమ్ డ్యాష్‌బోర్డు మీద ఉంచుకోండి. గాలి తగ్గిన టైరు మీద మైళ్ళ తరబడి లాగాక తెలుసుకోవడం కన్నా ఆ ఖర్చు చిన్నది.

ట్రాక్ బార్ అంటే ఏమిటి? అది వదులైందో లేదో నేనే చూసుకోగలనా?

గట్టి యాక్సిల్ ఉన్న జీప్ వంటి వాహనాల్లో, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టి ఉంచే అడ్డకడ్డీ ట్రాక్ బార్. ఒక చివర ఛాసీకి, రెండో చివర యాక్సిల్‌కు బోల్టుతో బిగించి ఉంటుంది. నా దృష్టిలో జీప్ యజమాని మొదట చూడవలసినది దీన్నే, ఎందుకంటే ఇక్కడ ఒక నూలు వాసి ఆట (వదులు కదలిక) ఉన్నా యాక్సిల్ మొత్తం ఊగుతుంది.

పరీక్షకు ఇద్దరు చాలు. కారును సమతలం మీద, చక్రాలు నేల మీదే ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను ఎడమకు పావు చుట్టు, కుడికి పావు చుట్టు, ఆపకుండా తిప్పుతూ ఉండాలి. రెండోవారు టార్చి పట్టుకుని ట్రాక్ బార్ రెండు చివర్లనూ చూడాలి. రబ్బరు బుష్ కొద్దిగా మెలి తిరగడం సహజమే. బోల్టు దాని బ్రాకెట్ రంధ్రంలో కదలకూడదు. కడ్డీ కొసకూ బ్రాకెట్‌కూ మధ్య వేలు ఆనిస్తే, వదులు ఉన్నచోట కంటికి కనబడకముందే వేలికి ‘టక్’ అని తెలుస్తుంది. నలిగే సందుల్లో మాత్రం వేలు పెట్టకండి. ఇదే పరీక్షలో డ్రాగ్ లింక్, టై రాడ్ కొసలు, స్టీరింగ్ బాక్సు ఛాసీకి బిగించిన చోటు కూడా చూసేయవచ్చు.

2007 నుంచి 2018 దాకా వచ్చిన రాంగ్లర్‌లో ముందు ట్రాక్ బార్ బోల్టులను 125 అడుగు-పౌండ్ల టార్క్‌కు బిగించాలి. చేతి అంచనాతో అంత బిగువు రాదు, రెంచి తప్పనిసరి. కారు బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే కిందికి దించాక బుష్ మెలిపడి త్వరగా చీలుతుంది. వదులు బోల్టుతో చాలాకాలం తిరిగి ఉంటే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తుంది. అప్పుడు ఎంత బిగించినా మళ్ళీ వదులవుతుంది కనుక బ్రాకెట్‌ను వెల్డింగ్ వాషర్లతో సరిచేయించాలి.

జాకీ ఎత్తి చక్రాన్ని కదిపితే ఏం తెలుస్తుంది?

కారును స్టాండ్ల మీద భద్రంగా నిలిపాక, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే తగిలే ఆట బాల్ జాయింట్‌దో వీల్ బేరింగ్‌దో అవుతుంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే తగిలేది ఎక్కువగా టై రాడ్ కొసలది. రెండు విధాలా ఆట ఉంటే బేరింగ్‌ను ముందుగా అనుమానించండి.

అదనపు బ్రేకు పరికరం వల్ల కూడా వణుకు రావచ్చా?

రావచ్చు. కారు బ్రేకు పెడల్‌ను నొక్కే పరికరాన్ని అవసరానికి మించి బిగువుగా అమర్చితే, మోటార్‌హోమ్ బ్రేకు వేయకపోయినా కారు బ్రేకులు కొద్దిగా పట్టుకునే ఉంటాయి. డిస్కులు వేడెక్కి, ఎగుడుదిగుడై, తర్వాత బ్రేకు వేసిన ప్రతిసారీ అదురు వస్తుంది. ఆగిన ప్రతిచోటా నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ముందు రెండూ వెనుక వాటికన్నా మరీ వేడిగా ఉంటే అమరిక తప్పినట్టే.

## టో బార్, హిచ్

టో బార్ ఏ ఎత్తులో ఉండాలి?

నేలకు సమాంతరంగా ఉండాలి. హిచ్ ఎత్తుకూ బేస్‌ప్లేట్ ఎత్తుకూ మధ్య తేడా 3 అంగుళాలు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. మీ టో బార్‌తో వచ్చిన పుస్తకంలో ఇంకో అంకె ఉంటే దాన్నే పాటించండి. తేడా ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడు టో బార్ కారు ముక్కును పైకి లేపడమో, కిందికి నొక్కడమో చేస్తుంది, దాంతో ముందు చక్రాల మీద బరువూ కోణమూ మారిపోతాయి. దీనికి ఎత్తు సరిచేసే డ్రాప్ రిసీవర్ దొరుకుతుంది. కొలిచేటప్పుడు మోటార్‌హోమ్‌లో నీళ్ళూ సామానూ ప్రయాణానికి ఉన్నట్టే నిండుగా ఉండాలి, ఖాళీ బండి హిచ్ కాస్త ఎత్తుగా ఉంటుంది.

కారు ఒక పక్కకు నడుస్తూ అప్పుడప్పుడు ఊగుతోంది. చక్రాలు మాత్రం కొట్టుకోవడం లేదు.

టో బార్ చేతుల్లో ఒకటి పూర్తిగా సాగి లాక్ కాలేదేమో చూడండి. తగిలించిన తర్వాత ఖాళీ స్థలంలో మెల్లగా ముందుకు పోనిస్తూ కొంచెం ఎడమకూ కొంచెం కుడికీ తిప్పితే రెండు చేతులూ లాక్ అవుతాయి. దిగి, రెండింటినీ కంటితో చూసుకున్నాకే రోడ్డెక్కండి.

హిచ్‌లో టో బార్ కడ్డీ కటకటలాడుతోంది. అది ముఖ్యమా?

అదొక్కటే వణుకు తెప్పించదు గానీ, ఉన్న వణుకును పెంచుతుంది. రిసీవర్ (హిచ్‌లో టో బార్ కడ్డీ దూరే గొట్టం) సందును బిగించే క్లాంపు ఒకటి వేస్తే సరిపోతుంది.

ముందు టైర్లు కొట్టుకోవడం లేదు, మలుపుల్లో ఈడ్చుకుపోతున్నాయి. ఇదీ అదే లోపమా?

ఇది స్టీరింగ్ లాక్ పడిన లక్షణం. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ అయ్యే కార్లలో, తాళాన్ని లాక్ విడిపోయే స్థానంలో ఉంచి లాగాలి. వెంటనే ఆపండి, కొన్ని మైళ్ళలోనే టైర్లు నాశనమవుతాయి.

## ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లు

నా కారులో నూనెతో నడిచే పవర్ స్టీరింగ్ లేదు. దానికీ వణుకుకూ సంబంధం ఉందా?

ఉంది, కొత్త కార్లలో ఇది తరచుగా ఎదురయ్యే కారణం. ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారుకు కరెంటు ఉన్నప్పుడు అది చక్రాల అదురును అణిచిపెడుతుంది. కరెంటు లేనప్పుడు ఆ మోటారు చక్రాలతోపాటు అటూ ఇటూ తిరిగే అదనపు బరువుగా మిగిలిపోతుంది, ఆ బరువే ఊపును కొనసాగిస్తుంది. 2014 మోడల్‌గా వచ్చిన జీప్ చెరోకీని లాగేవారికి ఈ ఇబ్బంది బాగా ఎదురైంది. చివరకు లాగేటప్పుడు స్టీరింగ్‌కు కరెంటు అందించే వైరింగ్ హార్నెస్‌ను తయారీదారే తన మోపార్ విడిభాగాల కింద అందుబాటులోకి తెచ్చింది. ఆ కారులోనూ న్యూట్రల్ ఉన్న నాలుగు చక్రాల డ్రైవ్ రకాలను మాత్రమే ఇలా లాగవచ్చని మరిచిపోకూడదు.

ఒకే పేరున్న కారు మా స్నేహితుడికీ ఉంది. అతనికి ఏ వణుకూ లేదు, నాకే ఎందుకు?

పేరు ఒకటే అయినా లోపలి స్టీరింగ్ వేరు కావచ్చు. 2010–2017 కాలపు షెవ్రోలే ఈక్వినాక్స్, జీఎంసీ టెరైన్‌లనే తీసుకోండి. 2.4 లీటర్ల ఇంజిన్ ఉన్నవాటికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, వీ6 ఇంజిన్ ఉన్నవాటికి హైడ్రాలిక్ (నూనెతో నడిచే) స్టీరింగ్ ఉంటాయి. ఇతరుల అనుభవాన్ని నమ్మేముందు వారి కారు సంవత్సరం, ఇంజిన్, డ్రైవ్ రకం అడగండి.

స్టీరింగ్‌కు కరెంటు ఇస్తే కారు బ్యాటరీ అయిపోదా?

రోజంతా లాగితే అయిపోవచ్చు, ముఖ్యంగా బ్రేకు పరికరం కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంటే. మోటార్‌హోమ్ నుంచి కారు బ్యాటరీకి ఒక ఛార్జింగ్ తీగ, ఫ్యూజుతో సహా వేయించుకోండి. మీకు తోచిన ఫ్యూజును తీసివేయడం, బ్యాటరీ తీగ విప్పడం చేయకండి. ఒక మోడల్‌కు తప్పనిసరైన పని మరో మోడల్‌లో సరిగ్గా స్టీరింగ్ కరెంటునే ఆపేస్తుంది.

## మరమ్మతు దగ్గర వచ్చే సందేహాలు

స్టీరింగ్ డ్యాంపర్ మార్చితే పోతుందని గ్యారేజీలో చెప్పారు. మార్చనా?

మార్చవచ్చు, కానీ చివర్లో. డ్యాంపర్ (స్టీరింగ్ లింకులకు బిగించే షాక్ అబ్జార్బర్ వంటిది) ఊపును తగ్గిస్తుందే తప్ప వదులైన బోల్టును బిగించదు. కొత్త డ్యాంపర్ వేశాక కొన్ని నెలలు ప్రశాంతంగా గడిచి, అది అరిగాక వణుకు మునుపటికన్నా గట్టిగా తిరిగొచ్చిన కథలు నేను చాలా విన్నాను. ఆ నెలలన్నీ లోపలి రంధ్రం పెద్దదవుతూనే ఉంటుంది. దీనికి మినహాయింపు లేకపోలేదు. 2018లో వచ్చిన కొత్త తరం రాంగ్లర్‌లో ఈ అదురుకు తయారీదారు 2019లో మార్పు చేసిన డ్యాంపర్‌నే ఉచితంగా అమర్చింది. మీ కారు ఆ కాలానిదైతే ఆ పని జరిగిందో లేదో డీలర్ దగ్గర వాహనం గుర్తింపు నంబరుతో (విన్) కనుక్కోండి.

జీప్‌ను ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించాను. అప్పటి నుంచే మొదలైంది.

ఎత్తు పెంచితే యాక్సిల్ ముందుకు తిరిగి క్యాస్టర్ కోణం తగ్గుతుంది, ట్రాక్ బార్ వాలు పెరుగుతుంది, బరువైన టైర్లు ప్రతి జాయింటునూ ఎక్కువ బలంతో కొడతాయి. ఎత్తు పెంచిన షాపు వాళ్ళు అలైన్‌మెంట్ చేశామంటే సరిపోదు, కొలతల చీటీ అడిగి తీసుకోండి. అందులో క్యాస్టర్ తయారీదారు చెప్పిన పరిధిలో లేకపోతే పొడవు మార్చగల కంట్రోల్ ఆర్మ్‌లతో (యాక్సిల్‌ను ఛాసీకి కలిపే కడ్డీలు) దాన్ని సరిచేయించాలి. ‘టో’ కొలత (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది; టో బార్‌తో దీనికి సంబంధం లేదు) సరిగా ఉన్నంత మాత్రాన అలైన్‌మెంట్ పూర్తయినట్టు కాదు.

స్టీరింగ్‌ను రబ్బరు తాడుతో సీటుకు కట్టేస్తే ఆగుతుందంటున్నారు.

కొందరు కడతారు, ఆగడమూ నిజమే. నేను మాత్రం వద్దంటాను. తాడు బిగువు ఎక్కువైతే మలుపుల్లో చక్రాలు తిరగాల్సినంత తిరగవు, టైర్లూ టో బార్ కూడా ఆ బలాన్ని భరించాలి. ఇంటికి చేరడానికి మరో దారి లేనప్పుడు, నెమ్మదిగా, ఆ ఒక్క ప్రయాణానికి అంటే ఒప్పుకుంటాను.

మెకానిక్ నడిపి చూసి ఏ లోపమూ లేదన్నారు. ఏం చేయాలి?

అతను స్టీరింగ్ పట్టుకుని నడిపాడు కనుక అతనికి రాకపోవడంలో వింత లేదు. “నాలుగు చక్రాల మీద లాగేటప్పుడు వస్తోంది” అని ముందుగా చెప్పి, చక్రాలు నేల మీద ఉండగా స్టీరింగ్ ఆడిస్తూ కింద జాయింట్లు చూడమని, టైర్లను రోడ్ ఫోర్స్ యంత్రం (టైరును రోలర్‌తో నొక్కి తిప్పి చూసేది) మీద బ్యాలెన్స్ చేయమని అడగండి. వణుకుతున్నప్పుడు వెనుక కెమెరాలో కనబడిన దృశ్యాన్ని పక్కన కూర్చున్నవారు ఫోనులో తీసి ఉంటే అది చూపించండి. పది మాటలకన్నా అదే బాగా పనిచేస్తుంది.

## మళ్ళీ బయలుదేరే ముందు

వేగం తగ్గించుకుంటే చాలదా?

మంచిదే, కాని అది మరమ్మతు కాదు. కాలిఫోర్నియాలో మరో వాహనాన్ని లాగుతున్న బండికి గరిష్ఠ వేగం ఎలాగూ 55 మైళ్ళే. మీ కారు పుస్తకంలో లాగేటప్పటి వేగ పరిమితి ఉంటే, రాష్ట్రం ఎంత అనుమతించినా ఆ పరిమితి దాటకండి.

కారును కట్టి ఉంచే రివర్స్ చేయవచ్చా?

చేయకూడదు. ముందుకు వెళ్ళేటప్పుడు చక్రాలను దారిలో పెట్టే క్యాస్టర్, వెనక్కి వెళ్ళేటప్పుడు వాటిని పూర్తిగా ఒక పక్కకు తిప్పేస్తుంది. టో బార్ చేతులు వంగుతాయి, టై రాడ్లు వంకరపోతాయి. పెట్రోల్ బంకులో ఇరుక్కుంటే కారును విప్పడమే మార్గం. గతంలో ఒకసారి అలా రివర్స్ చేసి ఉంటే, ఇప్పటి వణుకుకు అదే మూలం కావచ్చు కనుక టై రాడ్ వంకర లేకుండా తిన్నగా ఉందో లేదో చూడండి.

అంతా బిగించాను. తగ్గిందని ఎలా నిర్ధారించుకోవాలి?

ముందు విడిగా నడిపి, తర్వాత ఖాళీ రోడ్డు మీద మోటార్‌హోమ్‌కు కట్టి, మొదట ఏ రకం చోట వణుకు పుట్టిందో అలాంటి చోటనే తక్కువ వేగంతో మొదలుపెట్టి చూడండి. కెమెరా తెర మీద ఒకరు కన్ను వేసి ఉంచాలి. కొన్ని వందల మైళ్ళు తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచితో మరోసారి చూడాలి. నేను ప్రతి బోల్టు తల మీదుగా బ్రాకెట్ మీదికి ఒక సన్నని గీత గీస్తాను, మా అమ్మాయి ఎర్ర గోళ్ళరంగుతో. పెట్రోల్‌కు ఆగినప్పుడల్లా వంగి టార్చి వేస్తే చాలు. గీత తిన్నగా కలిసి ఉంటే బోల్టు కదల్లేదు. రెండు ముక్కలుగా పక్కకు జరిగితే తిరిగినట్టే, అక్కడి నుంచి ఇక కదలకుండా రెంచి బయటకు తీస్తాను.